అరుగులున్న వీధి

మాచర్ల నుంచి సాగర్ దారి పట్టి విజయపురి సౌత్ దాటితే అనుపు వస్తుంది. జలాశయం ఒడ్డున అక్కడ నాలుగు పక్కలా మెట్లు పేర్చిన ప్రదర్శనశాల ఒకటి ఉంది. నడిమి నేల మీద నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే పై మెట్టు మీద కూర్చున్నవాళ్లకు వినిపిస్తుంది. పదిహేడు వందల ఏళ్ల నాటి కట్టడాన్ని లోయలోంచి రాయి రాయిగా విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మెట్లున్నాయి, మాట పలుకుతుంది. ఆ మెట్ల మీద కూర్చోవడానికి జనం ఏ వీధుల్లోంచి నడిచి వచ్చారో ఆ వీధులు మాత్రం లేవు. అవి కృష్ణమ్మ అడుగున ఉన్నాయి.

ఆ వీధుల ఊరు విజయపురి, ఇక్ష్వాకుల రాజధాని. క్రీస్తుశకం 3వ శతాబ్దంలో చాంతమూలుడు, ఆయన కొడుకు వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువల చాంతమూలుడు ఏలారు. రాజులు వైదిక యజ్ఞాలు చేశారు. అదే ఇంటి ఆడవాళ్లు స్తూపాలు, విహారాలు కట్టించారు. మహాచైత్యానికి దానమిచ్చిన చాంతసిరి మొదటి చాంతమూలుడి తోబుట్టువు. వీరపురుషదత్తుడి రాణుల్లో రుద్రధర భట్టారిక ఉజ్జయినిని ఏలిన శకక్షత్రపుల ఆడపడుచు. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం బోధిసిరి అనే ఉపాసిక విహారం కట్టించి శాసనం వేయించింది. ఆ భిక్షువులు ధర్మం చాటిన దేశాల పేర్లు అందులో వరుసగా ఉన్నాయి: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రవిడ దేశాలు. నది గట్టు వెంట కార్తికేయుడి గుడి, పుష్పభద్రస్వామి గుడి, అష్టభుజస్వామి గుడి ఉండేవి. ప్రదర్శనశాల పక్కనే హారీతి గుడి. తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికాయి, కంసాలి మూసలు, ఒరగల్లు దొరికాయి, శకుల వేషంలో ఉన్న యోధుడి శిల్పం దొరికింది. పల్నాటి నేల మీద రకరకాల మనుషులు ఒకే బజారులో తిరిగారనడానికి ఇంతకంటే పాత సాక్ష్యం ఇంకొకటి అక్కర్లేదు.

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడి పంతులు ఇక్కడి పాత రాతి స్తంభం సంగతి ప్రభుత్వానికి తెలియజేయడంతో ఈ లోయ మళ్లీ లోకం కంట పడింది. పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశాక కాలంతో పరుగు మరింత జోరందుకుంది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వి, కొలిచి, ముఖ్యమైన కట్టడాలను కొన్నిటిని నాగార్జునకొండ మీదికి, కొన్నిటిని అనుపుకు చేర్చారు. 1967 ఆగస్టు 4న కుడి, ఎడమ కాల్వలకు నీళ్లు వదిలారు. పల్నాటి మెట్ట పొలాలు తడిశాయి. ఆ నీళ్లు వద్దనే మనిషి ఈ సీమలో దొరకడు, దొరకనక్కర్లేదు కూడా. కానీ అప్పటి శ్రమ ఒక సంగతి బాగా తేల్చి చెప్పింది. స్తూపాన్ని తరలించవచ్చు, గుడిని తరలించవచ్చు, బజారును తరలించలేం. కంసాలి ఇంటికీ విహారానికీ మధ్య దూరం ఎంత, సింహళ భిక్షువు భిక్షకు ఏ సందులోంచి వెళ్లేవాడు అన్నవి పటాల్లో గీతలుగానే మిగిలాయి.

రకరకాల జనం కలిసి బతికిన పేటలను కాపాడటం గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా ముందు పట్టుకోవాలి. కట్టడం మిగలడం ఒకటి, పేరు మిగలడం ఒకటి, పేట మిగలడం మరొకటి. ఊరికి అందం తెచ్చేది, బతుకుతెరువు ఇచ్చేది, కొత్తగా వచ్చినవాడికి చోటు చూపించేది మూడోదే.

పల్నాటి ఊళ్లలో ఆ మూడోది ఇంకా ఉంది. నరసరావుపేటనే చూడవచ్చు. అట్లూరు అనే పల్లె 18వ శతాబ్దం చివర మల్‌రాజు జమీందార్ల కోటతో పేటయింది. వాళ్లలో నరసారావు పేరే ఊరి పేరయింది. తరవాత గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్లే రైలు వచ్చింది, 1915లో మున్సిపాలిటీ వచ్చింది, 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమయింది. వచ్చిన ప్రతి దశా ఒక పేటను వదిలి వెళ్లింది. రామిరెడ్డిపేట, బరంపేట, దొర పేరు మోస్తున్న అరండల్‌పేట. కోట చుట్టూ పాత సందులు, స్టేషన్ వైపు వర్తకుల వీధులు, 19వ శతాబ్దం చివర వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ చుట్టూ పెరిగిన క్రైస్తవ కుటుంబాలు. ఇవన్నీ నడిచి తిరిగేంత దూరంలో ఉన్నాయి. ఒక మనిషి పొద్దున ఇంట్లోంచి బయల్దేరి మసీదు ముందు నుంచి, చర్చి ప్రహరీ పక్క నుంచి, శివాలయం వీధిలోంచి కూరగాయల బజారుకు పోయి రావడం ఇక్కడ విశేషం కాదు, రోజువారీ పని.

గురజాల కథ వేరు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ 1849లో మకాం గురజాలకు మార్చారు. రైలు లేని, రోడ్డు లేని రోజుల్లో పెన్సిల్వేనియా చర్చికీ పల్నాటి పల్లెలకీ అలా చుట్టరికం కలిసింది. పక్కనున్న రెంటచింతల అనగానే అందరికీ ఎండాకాలం ఉష్ణోగ్రతలే గుర్తొస్తాయి గానీ, ఆ ఊరి మధ్య కాథలిక్ చర్చి కూడా అంతే గుర్తుండాలి. మాచర్లలో చంద్రవంక వాగు ఒడ్డున చెన్నకేశవుడి గుడి ఉంది. వెల్దుర్తి వైపు తండాల నుంచి లంబాడీలు మాచర్ల బజారుకు వస్తారు, బొల్లాపల్లి తండాలవాళ్లు వినుకొండకు పోతారు. తండాలో మాట్లాడే గోర్ బోలీ, దుకాణంలో మాట్లాడే తెలుగు, పక్క దుకాణంలో వినిపించే ఉర్దూ ఒకే గుమ్మం ముందు కలుస్తాయి. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటూ, దర్గాకూ పోతూ, తరతరాలుగా పత్తి ఏకి పరుపులు కుట్టిన దూదేకులవాళ్లు పత్తి పండే ఈ సీమలో ఏ ఊరికీ పరాయివాళ్లు కారు. పీర్ల పండగకు చావిడి ముందు గుండం తవ్వితే చుట్టూ చేరేది ఒక్క మతంవాళ్లే అని ఏ తెలుగు పల్లెలోనూ ఎవరూ అనుకోరు.

ఇంతమందిని కలిపి ఉంచే పని చేసినవి పెద్ద కట్టడాలు కావు, అరుగులు.

పల్నాటి నేల కింద సున్నపురాయి పరుపులు పరుపులుగా ఉంది. పిడుగురాళ్లలో అది బట్టీలో కాలి సున్నమవుతుంది, మాచర్ల వైపు నాపరాయిగా పలకలు పలకలుగా లేస్తుంది. పాత ఇళ్లలో గోడకు నాపరాయి, కప్పుకు నాపరాయి, అరుగుకు నాపరాయి. దుర్గిలో శిల్పులు రాతి బొమ్మలు చెక్కుతున్నారు, వాళ్ల పనికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎవరి మతం ఏదైనా, ఎవరి భాష ఏదైనా, ఇల్లు కట్టే రాయి ఒక్కటే కావడంతో వీధికి ఒక రంగు, ఒక పోలిక వచ్చాయి. ఆ బూడిద రంగు పలక మీద ఒక ఇంటి ముందు ముగ్గు, ఇంకో ఇంటి గుమ్మానికి నక్షత్రం, మరో ఇంటి ద్వారం మీద నెలవంక. తేడాలు కనిపిస్తూనే వీధి ఒక్కటిగా ఉంటుంది. ఎండాకాలం సాయంత్రం నీళ్లు చల్లితే చల్లబడే ఆ అరుగు ఇంటిదీ కాదు, రోడ్డుదీ కాదు. దాని మీద ఎండు మిరపకాయలు ఏరుకోవచ్చు, పిల్లలకు ఎక్కాలు చెప్పవచ్చు, దారిన పోయేవాడు కూర్చుని మంచినీళ్లు అడగవచ్చు.

అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో నగరాల చావుబతుకుల మీద రాసిన పుస్తకంలో దాదాపు ఇదే చెప్పారు. ఇల్లు, దుకాణం, పని చోటు కలిసి ఉన్న వీధిలో ఎప్పుడూ ఎవరో ఒకరు బయట ఉంటారు, అందుకే ఆ వీధి క్షేమంగా ఉంటుంది అన్నారు. ఇంకో మాట కూడా ఆమెదే: చిన్న వ్యాపారం మొదలుపెట్టేవాడికి తక్కువ అద్దెకు దొరికే పాత ఇల్లు కావాలి. నరసరావుపేట పాత సందుల్లో సైకిల్ బాగుచేసే మనిషి, దర్జీ, పరుపులు కుట్టేవాడు, పూలమ్మే ఆమె నిలదొక్కుకున్నది ఆ పాత గోడల పుణ్యానే. కొత్త కాంప్లెక్సులో షట్టరు అడ్వాన్సు కట్టే స్తోమత వాళ్లకు ఉండదు. రకరకాల కులాలు, మతాలు ఒక వీధిలో ఉండాలంటే రకరకాల అద్దెలు ఆ వీధిలో ఉండాలి. ఈ లెక్క తేలకుండా సామరస్యం గురించి ఎంత మాట్లాడినా ఉపయోగం తక్కువ.

ఇక్కడ ఒక బరువైన ప్రశ్నను పక్కన పెట్టడానికి వీల్లేదు. తెలుగు ఊరి పాత పటం అందరినీ కలిపి గీసింది కాదు. ఊరు వేరు, మాలపల్లె వేరు, మాదిగపల్లె వేరు. బావి వేరు, దారి వేరు. పాత పేటలను ఉన్నవి ఉన్నట్టు కాపాడాలి అంటే ఆ గీతలను కూడా కాపాడమనా? కాదు. పేట పేరును తలుచుకుని ఒకరు మురిసిపోతుంటే, అదే పేరు చెప్పుకోవడానికి ఇంకొకరి తాత ఎంత అవమానపడ్డాడో తెలుసుకుని మాట్లాడాలి. మిషన్ బడి, రైల్వే స్టేషన్, సినిమా హాలు, బస్టాండు ఆ గీతలను కొంత చెరిపాయి. అక్కడ బెంచీ అందరిదీ అయింది. కాపాడవలసింది ఇలా మనుషులు కలిసిన చోట్లను. వాళ్లను విడదీసిన గోడలను కాదు.

పేరు మాత్రమే మిగిలిన ఊరు చూడాలంటే బందరు పోవాలి. వలందపాలెం అంటే డచ్చివాళ్ల పాలెం, ఇంగ్లీషుపాలెం సరేసరి, పరాసుపేట అంటే ఫ్రెంచివాళ్ల పేట. 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల రేవుగా పారశీక వర్తకులతో, యూరప్ కంపెనీలతో కళకళలాడిన పట్టణం అది. వ్యాపారం మద్రాసుకు మళ్లింది, రేవు పూడింది, 1864 నవంబరు 1 నాటి ఉప్పెన దాదాపు ముప్పై వేల మందిని మింగింది. డచ్చివాళ్ల సమాధులు ఉన్నాయి, పేర్లున్నాయి. బతుకుతెరువు పోయినప్పుడు పేట ఎంత త్వరగా పేరుగా మారుతుందో బందరు బస్సు టికెట్టు మీదే కనిపిస్తుంది.

విశాఖ వన్‌టౌన్ కొంత నయం. రేవు ఎదురుగా పక్కపక్కనే ఉన్న మూడు చిన్న కొండల మీద రాస్ హిల్ చర్చి, ఇషాక్ మదీనా దర్గా, వేంకటేశ్వరుడి గుడి ఉన్నాయి. కింద రేవు పని ఆగలేదు కాబట్టి పైన దీపం ఆరలేదు.

హైదరాబాదు మాత్రం ఈ విషయంలో ఒక పెద్ద పాఠశాల. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్సు జనం నోట బార్కస్ అయింది. తెల్లవారుజామున అక్కడ హరీస్ గిన్నెల మూతలు తీస్తే ఊరి నలుమూలల నుంచి వచ్చి తినిపోతారు. 1832లో దివాన్ చందూలాల్ కోరితే రంజిత్ సింగ్ పంపిన సిక్కు సిపాయిల సంతతి అత్తాపూర్ వైపు సిక్కు ఛావనీలో ఇప్పటికీ ఉంది. వాళ్లు దక్కనీ మాట్లాడతారు. బేగంబజారులో మార్వాడీలు, అగర్వాల్‌లు, గోసాయిలు రెండు వందల ఏళ్లుగా టోకు వ్యాపారం చేస్తున్నారు. పల్నాటి పెళ్లికి కావలసిన ఇత్తడి బిందె కూడా ఎప్పుడో ఒకప్పుడు ఆ సందుల్లోంచి వచ్చే ఉంటుంది. సికింద్రాబాదు మహాత్మాగాంధీ రోడ్డు మీద 1847 నాటి పారసీల అగ్ని ఆలయం ఉంది. ఆబిడ్స్ అన్న పేరు ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ యూదుడి దుకాణం నుంచి వచ్చింది. ఇక ఇరానీ హోటళ్లు. మూల మలుపులో రెండు వైపులా తెరుచుకునే గుమ్మాలు, పాలరాతి బల్లలు, ఒక కప్పు చాయ్ మీద గంటసేపు కూర్చున్నా లేవమనని యజమాని. పారశీకం నుంచి వచ్చిన కుటుంబాలు పెట్టిన ఆ హోటళ్లు నగరానికి అరుగులయ్యాయి. కవులు, యూనియన్ నాయకులు, ఉద్యోగం కోసం పల్లె నుంచి వచ్చిన కుర్రాళ్లు అందరూ అక్కడే కూర్చున్నారు. అందుకే మూలమీది స్థలానికి ధర పెరిగి ఒక్కో ఇరానీ హోటల్ మూతపడుతుంటే నగరం ఒక్కో అరుగు పోగొట్టుకుంటోంది.

బయటి దేశాల అనుభవం ఆశా ఇస్తుంది, హెచ్చరికా చేస్తుంది. మలేసియాలో పెనాంగ్ దీవి మీది జార్జ్‌టౌన్‌లో ఒకే వీధి వెంట ఆంగ్లికన్ చర్చి, చైనీయుల గుడి, మారియమ్మ కోవెల, కపితాన్ కెలింగ్ మసీదు ఉన్నాయి. 2008లో ఆ పట్టణం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. అంతకుముందే, 2000 సంవత్సరం మొదట్లో, అక్కడి అద్దె నియంత్రణ చట్టం రద్దయింది. దశాబ్దాలుగా తక్కువ అద్దెకు కాపురమున్న కుటుంబాలు, చిన్న పనివాళ్లు వేల సంఖ్యలో ఇళ్లు ఖాళీ చేశారు. తరవాత రంగులు వేసుకున్న ఆ ఇళ్లలో హోటళ్లు, కాఫీ షాపులు వచ్చాయి. గోడ దక్కింది, గోడ వెనక మనిషి దక్కలేదు. సింగపూర్ ప్రభుత్వం 1989లో చైనాటౌన్, కంపోంగ్ గ్లామ్, లిటిల్ ఇండియాలను పరిరక్షిత ప్రాంతాలుగా ప్రకటించింది. లిటిల్ ఇండియాలో ఇళ్ల ముఖాలు నిలిచాయి, వ్యాపారాలు చాలావరకు పర్యాటకుల వైపు తిరిగాయి. అయినా ఆదివారం వస్తే సెరంగూన్ రోడ్డు దక్షిణ భారతం నుంచి, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కార్మికులతో నిండిపోతుంది. వాళ్లు ఇంటికి డబ్బు పంపుకునేది, సొంత భాషలో మాట్లాడుకునేది ఆ రోజే. పాత వీధి తన అసలు పనిని అలా ఒక్కరోజైనా చేస్తోంది.

మన చట్టాల సంగతి. కేంద్రం 1958లో, ఆంధ్రప్రదేశ్ 1960లో పురాతన కట్టడాల చట్టాలు చేశాయి. 2010 సవరణతో కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆ తరవాత మరో 200 మీటర్ల దాకా అనుమతితోనే. గుడికి, కోటకు, స్తూపానికి ఇవి మేలు చేశాయి. వీధి వీటిలో దేనికిందికీ రాదు. నాపరాయి అరుగుల వరుసను, పీర్ల చావిడిని, వందేళ్ల మిషన్ బడిని, మూలమీది హోటల్‌ను కలిపి ఒక్క వస్తువుగా చూసే కన్ను చట్టానికి లేదు. అలాంటి చోట రోడ్డు వెడల్పు గీత పడితే ఇంట్లో అన్నిటికంటే ముందు పోయేది అరుగే. ఆరడుగులు పోయాక మిగిలిన ఇల్లు గుమ్మం నుంచి నేరుగా ట్రాఫిక్‌లోకి తెరుచుకుంటుంది. ఇంటివాళ్లు తలుపు మూసుకుంటారు, లేదంటే షట్టరు దించుతారు.

ఇక్కడే ఒక పనికొచ్చే పోలిక ఉంది. రోడ్డు కోసం స్థలం వదులుకున్నవాళ్లకు ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీలు టీడీఆర్ బాండ్లు ఇస్తున్నాయి. పోయిన స్థలం విలువకు వేరే చోట అదనంగా కట్టుకోవచ్చు, లేదా ఆ హక్కును అమ్ముకోవచ్చు. 2017లో దేశంలో మొదటి ప్రపంచ వారసత్వ నగరమైన అహ్మదాబాదులో అదే టీడీఆర్‌ను తిరగేసి వాడారు. పోళ్లు అని పిలిచే పాత వాడల్లో జాబితాకెక్కిన చెక్క ఇంటిని కూల్చకుండా బాగుచేసుకున్న యజమానికి ఆ హక్కు దక్కుతుంది. పై అంతస్తులు వేసుకోలేకపోయిన నష్టాన్ని అలా పూడ్చుకుంటాడు. మన దగ్గర ఇల్లు తెగినందుకు ఇచ్చే కాగితాన్ని ఇల్లు నిలిపినందుకు ఇవ్వడానికి అడ్డమేమిటి? పాత ఇంటి యజమాని త్యాగం చేయాలని ఆశించడం అన్యాయం. పిల్లల చదువులకు, పెళ్లిళ్లకు ఆయనకున్న ఆస్తి ఆ ఇల్లే. అద్దెకున్న దర్జీకి కూడా ఆ ఒప్పందంలో చోటు ఉండాలి, లేకపోతే జార్జ్‌టౌన్ కథే ఇక్కడా జరుగుతుంది.

కట్టడంతో పాటు ఆచారం నిలిస్తే వీధి ఎంత బలపడుతుందో కారెంపూడి చూపిస్తోంది. నాగులేరు ఒడ్డున వీరుల గుడి, కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజుల తిరునాళ్ల: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని వీరవిద్యావంతులు పాడతారు. ఆ గానాన్ని గాలెయ్య అనే గాయకుడి నోట విని రికార్డు చేసుకున్న అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ 1982లో పుస్తకంగా తెచ్చారు. మాలకులంలో పుట్టిన కన్నమదాసును సేనాపతిని చేసిన మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని కథ. ఆ చాపకూడు ఇప్పటికీ మందపోరు నాడు జరుగుతుంది. వందల ఏళ్ల కిందట ఊరి పటం గీసిన గీతలకు ఎదురుగా ఎవరో చాప పరిచారన్న జ్ఞాపకం పల్నాటిలో ఏటా ఒకసారి వీధిలోకి వస్తోంది. ఆ ఐదు రోజులూ కారెంపూడి బజారులోని ప్రతి అరుగూ ఎవరో ఒక యాత్రికుడికి పడక.

నరసరావుపేట జిల్లా కేంద్రమయ్యాక కార్యాలయాలు, అపార్టుమెంట్లు, కొత్త రోడ్లు రావడం సహజం, కావాలి కూడా. అందుకే పాత వీధుల లెక్క రాసుకోవడానికి సమయం ఇదే. కొత్త మాస్టర్ ప్లాను గీతలు పడకముందే నరసరావుపేటలో కోట చుట్టుపక్కల సందులు, మాచర్లలో చెన్నకేశవుడి గుడి నుంచి బజారు దాకా ఉన్న వీధి, గురజాల మిషన్ ఆవరణ, కారెంపూడి తిరునాళ్ల దారి ఒకసారి నడిచి రాసుకోవాలి. అరుగులెన్ని, చెట్లెన్ని, ఏ దుకాణం ఎన్నేళ్లుగా ఉంది, అద్దె ఎంత, పైన కాపురం ఎవరిది. ఇంజనీరింగు కాలేజీ పిల్లలు ఒక సెలవుల్లో చేయగలిగిన పని. విజయపురికి అలాంటి పటం తయారయ్యేసరికి నీళ్లు రావడానికి కొన్నేళ్లే మిగిలి ఉన్నాయి. నరసరావుపేట అరుగుల మీద ఇంకా మనుషులు కూర్చుని ఉన్నారు, వాళ్లనే అడిగి రాసుకోవచ్చు.